పిట్టకిచ్చిన మాట

నవల చివరి పేజీ చదివి, పుస్తకం మూసి బల్ల మీద పెట్టాను. మనుమరాలు ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తోంది. శేరిగూడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది తనే.

"ఎట్లుంది తాతా?"

"అచ్చు బాగుంది."

"కథ గురించి అడుగుతున్న."

"కథ గూడ బాగనే ఉంది. మనది కాదు."

ఆ నవల రాసినాయన ఒకప్పుడు హయత్‌నగర్ నుంచి బస్సులో వచ్చి, ఇప్పుడు మేముంటున్న ఈ ఇంటి వరండాలో కూర్చుని, నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. మంచివాడు. చెప్పింది చెప్పినట్టే చాలావరకు రాశాడు. పోలీసు పటేలు తండ్రి, సంఘంలో కలిసి గుట్టల్లోకి వెళ్లిన కొడుకు, ఇద్దరి మధ్యా పెరిగిన గోడ, అన్నీ ఉన్నాయి. చివర్లో మాత్రం కొడుకు వాకిట్లో నిలబడితే తండ్రి గడప దాటి వచ్చి, వాణ్ని గుండెకు హత్తుకుని బోరున ఏడుస్తాడు. అక్కడ మా మనుమరాలు కూడా ఏడ్చిందట.

మా బాపు ఏడవలేదు. గడప దాటలేదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆనాటి వాకిట్లో ఉన్నవాళ్లలో నేనొక్కణ్నే మిగిలాను. నవల రాసినాయనకు నేను చెప్పకుండా దాచుకున్నది ఒకటుంది. దాని గురించే ఇదంతా.

మా ఊరు ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నీళ్లు పారే ఊరు. మాది పోలీసు పటేలు ఇల్లు. నిజాం సర్కారు రోజుల్లో పోలీసు పటేలంటే ఊళ్లో చావుపుట్టుకలు రాసేవాడు, దొంగను పట్టించేవాడు, పొలిమేరలో శవం దొరికితే ఎవరిదో చూసి చెప్పేవాడు. మా ముత్తాత నుంచీ అది మా ఇంటి పని. ఆ ఇంట్లో పుట్టినవాడు వీపు వంచకూడదని నాకు చిన్నప్పుడే నేర్పారు. ఈ వయసులోనూ నేను కుర్చీకి ఆనుకుని కూర్చోను. ఇల్లు పోయింది, పొలాలు పోయాయి, పటేల్గిరీ పోయింది. వీపు మాత్రం పోలేదు.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. పొద్దున్నే దాలిలో పాలు కాగుతుంటే లేచే పిడకల పొగ. మధ్యాహ్నం పుంటికూరలో వేసిన ఎల్లిగడ్డ పోపు. చెరువులో వల వేసిన రోజు బెస్తవాళ్లు మా ఇంటికి తెచ్చిన చేపలు, చింతపండు పులుసులో ఉడుకుతున్న వాసన. వీటన్నిటి మీదుగా మా బాపు వాసన: చుట్ట పొగ, కిర్రుచెప్పులకు పట్టించిన ఆముదం. ఆ ఆముదం వాసన వరండా మూల తిరిగితే చాలు, నన్ను కన్న మా అవ్వ కొంగు సర్దుకునేది. నేను పుస్తకం సర్దుకునేవాణ్ని.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తండ్రి పెద్దకొడుకుతో నేరుగా మాట్లాడడు. కొడుకు తండ్రికి ఎదురుగా నిలబడి నోరు తెరవడు. మా తాత మా బాపుతో అట్లాగే ఉన్నాడట. ఒకే వరండాలో నాలుగు బారల దూరంలో ఉన్నా సరే, మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషి మా పెద్ద జీతగాడు. ఊళ్లో ఏ కులంవాళ్లకైనా ఒక వరస ఉంటుంది కాబట్టి నేనాయన్ని మామా అనేవాణ్ని. బాపు ఆయనకు చెబుతాడు, ఆయన నాకు చెబుతాడు. నేను ఆయనకు చెబుతాను, ఆయన బాపుకు చెబుతాడు. రెండు వైపులా మాటలు అందరికీ వినిపిస్తూనే ఉంటాయి. కానీ ఆయన నోటిలోంచి వచ్చేదాకా అవి మాటల కింద లెక్క కావు.

ఆయన మాటను ఉన్నదున్నట్టు ఎప్పుడూ చేర్చలేదు. అది ఆయన గొప్పతనం.

"ఆని ముఖం నాకు కనిపియ్యొద్దని చెప్పు," అనేవాడు బాపు.

మామ నావైపు తిరిగి, "పటేలు జర పనిల ఉన్నరు, చిన్నపటేలా. ఎనుకకెల్లి రమ్మంటున్నరు," అనేవాడు.

"నేను రాను," అనేవాణ్ని నేను.

"వస్తడట పటేలా. కాళ్లు కడుక్కొని వస్తడట," అని అటు తిరిగి చెప్పేవాడు.

బాపు మీసం కొసన ఏదో కదిలేది. అది నవ్వో కోపమో నాకు ఎప్పుడూ అంతుబట్టలేదు.

వానలు వెనకబట్టే కాలానికి మంచాల ఊరి అవతలి గుట్టల నుంచి సీతాఫలాలు గంపలకు గంపలు దిగేవి. పచ్చికాయల్ని గడ్డివాములో మాగవేసేవాళ్లు. మాగిన మొదటి పండు బాపుకే. ఒక ఏడు నేను వాములో చెయ్యి పెట్టి, మెత్తబడినవన్నీ తీసి గుజ్జు తినేసి, డొల్లల్ని రెండు వైపులా అతికించి మళ్లీ గడ్డిలోనే పెట్టాను. బాపు వచ్చి కూర్చుని ఒక పండు చేతిలోకి తీసుకోగానే అది చప్పుడు లేకుండా చితికిపోయింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే.

"వాములకు ఎలుక వడ్డదిరా," అన్నాడు మామతో. "రెండు కాళ్ల ఎలుక. దానికి చెప్పు, అడిగితే ఇస్తరని. దొంగతనంగ తినేటోనికి రుచి తెల్వదని చెప్పు."

మామ నావైపు తిరిగాడు. "ఎలుకను పట్టుకొమ్మంటున్నరు, చిన్నపటేలా."

మరునాడు పొద్దున నా పలక మీద ఒక మాగిన సీతాఫలం ఉంది. ఎవరు పెట్టారని అడిగితే మామ పశువులకు గడ్డి వేస్తూ, "ఎలుకకు పెట్టుమన్నరు, పెట్టిన. నాకేం ఎరుక," అన్నాడు. నేను దాన్ని తిన్నాను. మా బాపు నాకు ఇచ్చాడని గట్టిగా చెప్పుకోగలిగినది అదొక్కటే అనుకుంటూ చాలాకాలం గడిపాను.

తర్వాత నన్ను పట్నం బడికి పంపారు. అక్కడ హాస్టల్లో సంఘం వాళ్ల పరిచయమైంది. కరపత్రాలు చదివాను, మీటింగులకు వెళ్లాను. వెట్టి ఎందుకు చేయాలి, దున్నేవాడిది కాని భూమి ఎవరిది, అని అడిగేవాళ్ల పక్కన కూర్చున్నాను. సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా మా వరండా కొంచెం కొంచెం చిన్నదిగా కనిపించేది.

చెరువు తూము కింద ఒక మడి ఉండేది. నీళ్లకు కరువు లేని నేల. దాన్ని మామ వాళ్ల తండ్రులు, తాతలు దున్నుకున్నారు. పట్టా మాత్రం మా పేరున పడింది. ఎట్లా పడిందో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అప్పటిదాకా వాళ్లనే దున్నుకోనిచ్చిన బాపు, ఆ ఏడు వానలు పడగానే మా అరకల్ని ఆ మడిలోకి దింపాడు. నేను సెలవులకు వచ్చి ఉన్నాను. మామ ఆ రోజు కూడా ఎప్పటిలాగే వచ్చి వరండా మెట్టు కింద నిలబడ్డాడు. తన మడిలో తిరుగుతున్న అరకలకు తన చేతులతోనే ఎడ్లను కట్టి పంపి వచ్చాడు.

ఊరి పెద్దలు నలుగురు కూర్చుని ఉన్నారు. నేను లోపలినుంచి వచ్చి బాపు ఎదురుగా నిలబడ్డాను. మధ్యలో ఎవరూ లేకుండా, నేరుగా ఆయన ముఖం చూసి అన్నాను.

"బాపూ, తూము కింది మడి ఆళ్లది. ఆళ్లకియ్యి."

బాపు నన్ను చూడలేదు. మామవైపు చూశాడు.

"ఏమంటున్నడురా?"

మామ నావైపొకసారి, పెద్దలవైపొకసారి చూశాడు. అడిగింది ఆయన మడి గురించే మరి. చివరికి, "ఏం లేదు పటేలా. పిలగాడు ఆకలిగున్నడు," అన్నాడు.

పెద్దల్లో ఎవరో నవ్వి, దాన్ని దగ్గుతో కప్పేశారు.

"అడిగితే ఇస్తరని నువ్వే అంటివి," అన్నాను నేను. ఇది కూడా నేరుగానే.

"అది పండు ముచ్చట," అన్నాడు బాపు మామతో. "ఇది మన్ను ముచ్చట. కొడుకులు అడుగంగ అడుగంగ భూములు ఇచ్చుకుంట పోతె పటేల్గిరీ ఎందుకని అడుగు. నా తిండి తినుకుంట నాకే నీతి చెప్పేటోడు ఈ గడపల ఉండొద్దని చెప్పు."

మామ నావైపు తిరిగాడు. కళ్లల్లో నీళ్లు నిండి ఉన్నాయి. "లోపలికి వోయి బువ్వ తిను, చిన్నపటేలా," అన్నాడు.

నేను తినలేదు. పొయ్యి మీద జొన్న గట్క ఉడుకుతున్న వాసన వీధి మలుపు దాకా నా వెంట వచ్చింది. మా అవ్వ పిలుస్తున్నా వినిపించుకోలేదు. మంచాల మీదుగా నడిచి, రాచకొండ గుట్టల్లో ఉన్న దళంలో కలిశాను.

గుట్టల్లో ఎవరి పేరు వాళ్లది కాదు. పట్టుబడితే ఇంకొకరి పేరు బయటికి రాకూడదని అందరికీ మారుపేర్లు పెట్టేవాళ్లు. నా పక్కన పడుకునేవాడు మంచాల దిక్కునుంచి వచ్చిన మేకలకాపరి. నా ఈడువాడే. అతని అసలు పేరు నాకు ఈనాటికీ తెలియదు. సీతాఫలం ఆకు నలిపి గాయానికి కట్టడం అతనే నేర్పాడు. నేను పటేలు కొడుకునని తెలిసి ఏడిపించేవాడు. "నీకు సలి గూడ మాతోని పెట్టిస్తవా ఏంది, చిన్నదొరా?" అనేవాడు. ముసురు పట్టిన రోజుల్లో అతనికి జ్వరం వచ్చి ఒళ్లు వణికింది. నా గొంగడి తీసి అతనికి కప్పాను. అది మా ఊరి కురుమ మా ఇంటికోసం ప్రత్యేకంగా నేసిన గొంగడి, ఎర్ర అంచుది. మరుసటి రోజు నన్ను ఇంకొకరితో కలిపి గుట్టలకు అవతలి వైపు కబురుతో పంపారు. నేను లేనప్పుడు రజాకార్లూ పోలీసులూ కలిసి ఆ స్థావరం మీద పడ్డారు. గుడిసెలు తగలబెట్టారు. మేం మళ్లీ అటు రాలేకపోయాం. ఇంటికి కబురు చేసే దారీ లేదు.

ఆ తర్వాత మా ఊళ్లో జరిగింది నేను చూడలేదు, విన్నదే. కాలిన శవాన్ని బండిమీద వేసుకుని పోలీసులు ఊరి చావడి దగ్గర దించారు. ఎవరిదో చెప్పమని పోలీసు పటేలుకు కబురు పెట్టారు. అది ఆయన పని. ముఖం పోల్చుకునే స్థితిలో లేదు. వీపు కింద నలిగిన గొంగడి ముక్క మాత్రం కాలకుండా మిగిలింది. కురుమను పిలిపించారు. అతను అంచు పట్టి చూసి, "నా చెయ్యే పటేలా," అని కూలబడ్డాడు. బాపు వంగి చూశాడు. లేచి నిలబడి, "నా కొడుకే," అన్నాడు. చావుల పద్దులో నా పేరు ఆయనే రాశాడు.

దినాలు చేశారు. నాకు.

ఆ తర్వాత యూనియన్ మిలటరీ వచ్చింది. బెజవాడ రోడ్డు మీద హయత్‌నగర్ మీదుగా లారీలు వరసగా వెళ్తున్నాయని, రజాకార్లు బట్టలు మార్చుకుని పారిపోతున్నారని గుట్టలకు కబురు వచ్చింది. నేను ఇంటిదారి పట్టాను. దారి పొడవునా సీతాఫలాలు పగిలి కింద రాలుతున్నాయి. ఆ తీపి వాసనలో నడుస్తూ, వాకిట్లో ఎట్లా నిలబడాలి, మొదటి మాట ఎవరితో అనాలి, అని ఆలోచించుకున్నాను.

చెరువు కట్ట మీద వల విదిలిస్తున్న బెస్తాయన నన్ను చూసి వల వదిలేశాడు. నా ముఖం చూడలేదు. నా పాదాలు చూశాడు. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు.

"ముంగటికే ఉన్నయి," అన్నాడు పక్కనున్న భార్యతో. "చిన్నపటేలే."

"గట్లెట్లయితది?" అందామె, దూరంగా నిలబడే.

"అదే నేను గూడ అడుగుతున్న." ఆయన నాకు దగ్గరగా వచ్చాడు. "మొన్న నీ దినాలల్ల కడుపునిండ తిన్న, చిన్నపటేలా. గిప్పుడు కక్కాల్నా ఏంది?"

నేను చనిపోయానని నాకు తెలిసింది అప్పుడే. ముగ్గురం నవ్వాం. నేను మళ్లీ మనసారా నవ్వడానికి చాలా కాలం పట్టింది.

తూము కింది మడిలో మామ వాళ్ల మనుషులు కలుపు తీస్తున్నారు. దారిలో కలిసిన సంఘం కుర్రాళ్లు గర్వంగా చెప్పారు. "పటేలు మడి ఇడిచిపెట్టిండు. సంఘమంటె భయం వట్టింది." నేనూ అదే నమ్మాను. నా తండ్రి భయపడ్డాడని సంతోషిస్తూ ఇంటిదాకా నడిచాను. ఆ కుర్రాళ్లు నా వెంటే వచ్చారు.

బాపు వరండాలో తన చోటే కూర్చుని ఉన్నాడు. మెట్టు కింద మామ. నన్ను చూసి మా అవ్వ గడప పట్టుకుని నిలబడిపోయింది. బాపు కళ్లు నా మీదికి ఒకసారి వచ్చాయి. ఆ ఒక్కసారే. తర్వాత పక్కకు తిరిగాయి.

"ఎవలొచ్చిండ్రురా?"

"చిన్నపటేలు వచ్చిండు, పటేలా," అన్నాడు మామ. ఆయన గొంతులో అంత సంతోషం నేను ఎన్నడూ వినలేదు.

"చిన్నపటేలు సచ్చిండు. అయ్యగారిని పిలువు."

అయ్యగారు వచ్చి శాస్త్రం చెప్పారు. దినాలు జరిగినవాడు బతికి వస్తే, మళ్లీ పుడితే తప్ప ఇంట్లోకి రాకూడదు, తండ్రి వాడితో మాట్లాడకూడదు. పెద్ద గోలెంలో నీళ్లు, నెయ్యి పోసి, కడుపులో బిడ్డలాగ ముడుచుకుని అందులో కూర్చోవాలి. బయటికి తీసి, బొడ్డు కోసినట్టు చేసి, కొత్తగా పేరు పెడతారు. అన్నప్రాశన చేస్తారు. అంతే, ఒక్క పూట పని.

గోలెం వాకిట్లోకి వచ్చింది. నేను దానివైపు చూశాను. నా వెనక ప్రహరీ దగ్గర సంఘం కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఒకడు నవ్వుతున్నాడు.

"నేను సావనేలేదు," అన్నాను మామతో. "సావనోడు మల్ల ఎందుకు పుట్టాలె?"

మా అవ్వ మెట్లు దిగి వచ్చింది. నన్ను తాకకూడదు కాబట్టి రెండడుగుల దూరంలో ఆగింది.

"ఆయిన మాటకు గాదు కొడుకా, నా కోసం కూసో. ఒకసారి కన్న. ఇంకోసారి కన్నననుకుంట."

ఆ మాటకు గోలెంవైపు ఒక అడుగు వేసి ఆగాను. నేను వరండావైపు చూశాను. బాపు ఒక్కసారి నాతో "దిగు" అంటే దిగేవాణ్ని. ఆయన నా నోటివైపు చూస్తున్నాడో లేదో నాకు తెలియదు. నేను ఒక్కసారి "బాపూ" అంటే ఆయన ఏం చేసేవాడో అదీ తెలియదు. ఇద్దరం నిటారుగా ఉన్నాం. గోలెంలో నెయ్యి తెట్టెకట్టి ఎండకు మెరిసింది.

చాలాసేపయ్యాక బాపు మామతో అన్నాడు. "సచ్చినోల్లతోని ముచ్చట ఇంటికి మంచిది గాదు. వాకిలి మూస్తున్నమని చెప్పు."

మామ నావైపు తిరిగాడు. నోరు తెరిచాడు. దాన్ని మార్చి చెప్పడానికి ఆయనకు వేరే మాట దొరకలేదు. తెరిచిన నోరు అట్లాగే మూసుకున్నాడు. తలుపులు వేసే పని కూడా ఆయనదే.

మూసిన తలుపుల వెనక మా చిన్నాయన ఏదో గట్టిగా వాదిస్తున్నాడు. ఆయన మాటలు సరిగా వినబడలేదు. బాపు మాట మాత్రం వీధిలోకి వినిపించింది. "నా కొడుకు సచ్చిండు. సచ్చినోడు వాపస్ రాలె."

నేను వాపస్ రాలేదు. ఆ తర్వాత మిలటరీ మా మీదికే తిరిగింది. పట్టుబడి జైలుకు వెళ్లాను. బయటికి వచ్చి పట్నంలో బతికాను, పెళ్లి చేసుకున్నాను. మా అవ్వ పోయినప్పుడు దూరం నుంచి పొగ చూశాను. పటేల్గిరీ పోయి, పొలాలు ఒక్కొక్కటే చేతులు మారి, ఇంటి దూలాలు కూలుతున్నాయని వింటూ ఉండేవాణ్ని. బాపు కూడా పోయాడని కబురు వచ్చినప్పుడు వెళ్లాను. చనిపోయినవాడు కొరివి పెట్టకూడదు. చిన్నాయన కొడుకు పెట్టాడు. నేను ఊరివాళ్ల వెనక నిలబడ్డాను.

దినాల రోజు చెరువు కట్ట కింద పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, అందరం దూరంగా జరిగి చూస్తాం. కాకి వచ్చి ముడితే ప్రాణం తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ కోరిక తీరుస్తాం, తిను, అని మాట ఇస్తారు. పోయినవాడికి ఇచ్చిన మాట తప్పకూడదు.

తుమ్మచెట్టు మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. చిన్నాయన కొడుకు ముందుకు వెళ్లి, "ఇల్లు నిలవెడ్త పెదబాపూ," అన్నాడు. దిగలేదు. చిన్నాయన చేతులు జోడించాడు. దిగలేదు. విస్తట్లో చేపముక్క మీద ఈగలు ముసురుతున్నాయి. చుట్ట వాసన కూడా వస్తోంది, ఎవరో వెలిగించి పెట్టారు.

అప్పుడు మామ కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. చూపు మందగించింది. నా భుజం తడిమి పోల్చుకున్నాడు.

"నీ దినాలల్ల గూడ గిట్లనే అయింది, చిన్నపటేలా," అన్నాడు. "గిదే జాగ. శ్రావణంల సీతాఫలం పండు యాడ దొరుకుతది? కాయనే పెట్టిచ్చిండు మీ బాపు. పిట్ట దిగలె. అందరు అడిగి అలిసిపోయిండ్రు. పటేలు ఎండల అట్లనే నిలవడ్డడు. ఆఖరికి నన్ను పిలిచి, తూము కింది మడి ఇస్తనని ఆనికి చెప్పురా అన్నడు. నేను చెప్పిన. ఒక్క ముక్క మార్చలె. అయిన పిట్ట దిగలె."

"తర్వాత?"

"నన్ను పక్కకు జరుగుమన్నడు. ఆయినే ముంగటికి వోయిండు. కొడుకా, నువ్వడిగిన మడి ఇస్తున్న, తిను కొడుకా, అన్నడు. గప్పుడు దిగింది."

మామ కర్రను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వు బతికొచ్చిననాడు మీ చిన్నాయన లొల్లి వెట్టిండు గద. కొడుకు బతికే ఉన్నడు, ఇగ మాట ఎత్తిపోయింది, మడి వాపస్ తీసుకో అన్నడు. మాట సచ్చినోనికిచ్చిన, సచ్చినోడు వాపస్ రాలె అన్నడు మీ బాపు. నువ్వు గోలెంల దిగుంటె పాత కొడుకు సచ్చినట్టే, ఆనికిచ్చిన మాట నిలవడ్డట్టే, కొత్త కొడుకు ఇంట్లకు వచ్చినట్టే. ఆయిన లెక్క గది."

చెరువు మీదినుంచి గాలి వీచింది. నేను మామ చెయ్యి పట్టుకున్నాను. "చెప్పు మామా, ఆయనకు చెప్పు..." అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఈసారి నేను చెప్ప. నువ్వే చెప్పుకో."

నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. ఊరంతా చూస్తోంది. ఏ మాట ఇవ్వాలో నాకు తెలుసు. గోలెంలో దిగుతాను, అనాలి. కానీ ఇచ్చిన మాట నిలబెట్టుకోగలిగేది అయి ఉండాలి. బిడ్డ పుట్టాలంటే గోలెం పక్కన తల్లీతండ్రీ కూర్చుని ఉండాలి. వాళ్లిద్దరూ లేరు. నా దగ్గర ఆయనకు ఇవ్వడానికి నిజమైన మాట ఒక్కటీ మిగల్లేదు. అబద్ధం మాట ఆయనకు ఇవ్వలేను. ఆయన కొడుకును. కనీసం బాపూ అని పిలవడానికి నోరు తెరిచాను. వరండాలో ఆ పిలుపుకు ఏం జరిగిందో నా గొంతుకు గుర్తుంది. అది రాలేదు.

ఎండ వాలింది. మెతుకులు ఎండిపోయాయి. అయ్యగారు ఇక నీళ్లలో కలిపెయ్యమన్నారు. విస్తరి చెరువులోకి వదిలారు. చుట్ట ముక్క ఒకటి కాసేపు తేలి మునిగింది. కాకులు చెట్టు మీదినుంచి ఊరివైపు ఎగిరిపోయాయి.

ఇదంతా విని మా మనుమరాలు పుస్తకం అట్ట మీద వేలు రాసింది.

"రాసినాయనకు ఇది చెప్పుంటె బాగుండు తాతా."

"చెప్తె ఆ పిట్టను గూడ ఏడిపిచ్చెటోడు."

తను నవ్వలేదు. తూము కింది మడి ఇప్పుడెక్కడుందని అడిగింది. మామ మనుమలు అమ్ముకున్నారు. చెరువు నీళ్లు పారిన చోట హద్దురాళ్లు పాతి ఉన్నాయి. నీ బస్సు రోజూ దాని పక్కనుంచే వెళ్తుంది, అని చెప్పాను.

నేను పోతే దినాలు చేయవద్దని ఇంట్లో చెప్పి ఉంచాను. అవి ఎప్పుడో అయిపోయాయి. మా బాపు చేశాడు, పిట్ట కూడా ముట్టింది. ఒక మనిషికి రెండుసార్లు చేయకూడదు.

ఒక్క సంగతి మాత్రం మిగిలింది. ఆనాడు చావడి దగ్గర దించిన శవం నాది కాదు. గొంగడి నాది, ఒళ్లు ఆ మేకలకాపరిది. ఇంటి దగ్గర అతని కోసం ఎవరు ఎదురుచూశారో, ఎన్నాళ్లు చూశారో నాకు తెలియదు. నా దినాల రోజు తుమ్మచెట్టు దిగి వచ్చి మెతుకు ముట్టిన ప్రాణం అతనిదే అయి ఉండాలి. మా బాపు జన్మలో ఒక్కసారి నోరారా కొడుకా అని పిలిచాడు. పలికినవాడు అతను.